పాత ఫొటోలో సూటు వేసుకున్న అమెరికా బాలుడు: ఇది ఏ కాలం నాటిది?

శారద, న్యూజెర్సీ

సభ్యులందరికీ నమస్కారం. మా వీధి చివర ఉండే ఒక వృద్ధురాలు కాలం చేసిన తరువాత, ఆవిడ ఇంటి సామానంతా ముంగిట్లో బల్లల మీద పెట్టి అమ్మారు. పింగాణీ పళ్లేల పక్కన ఒక బూట్ల అట్టపెట్టె నిండా పాత ఫొటోలు కనిపించాయి. వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాక మళ్లీ పెట్టెలో వేయడానికి మనసొప్పక, ఒక డాలరు ఇచ్చి తెచ్చుకున్నాను.

పోస్టుకార్డు అంత ఉన్న ఆ ఫొటోలో ఏడెనిమిదేళ్ల బాబు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ముదురు రంగు కోటు, నడుము చుట్టూ అదే గుడ్డతో కుట్టిన బెల్టు, భుజాల నుంచి కింది అంచు దాకా రెండు నిలువు పట్టీలు ఉన్నాయి. తెల్లటి కాలరు వెడల్పుగా, అట్టలాగా బిరుసుగా ఉంది. లాగు మోకాలి దిగువన ఉబ్బుగా వచ్చి, అక్కడ బిగించి ఉంది. దాని కింద నల్లటి పొడవు మేజోళ్లు, చీలమండ దాటిన తాళ్ల బూట్లు. ఎడమ చేతికి, మోచేతికి పైన, పెద్ద తెల్ల రిబ్బను ముడి ఉంది. చేతిలో చిన్న పుస్తకం ఉంది. వెనుక పేరు గాని, తారీఖు గాని లేవు.

ఈ బాబు ఏ కాలం వాడో, ఆ సూటు ఏ సందర్భానికి వేశారో తెలిసినవారు చెప్పగలరా?

విజయ్, హైదరాబాద్

శారద గారూ, కాలం సంగతి నాకు తెలియదు గాని, ఆ రోజుల్లో అంత చిన్నవాడికి కోటు, కాలరు, టై వేయించి స్టూడియోలో ఫొటో తీయించారంటే తప్పకుండా బాగా కలిగినవారి బిడ్డే అయి ఉంటాడని నాకు అనిపిస్తున్నది.

కాశీనాథ్, క్లీవ్‌ల్యాండ్

నేను పదవీ విరమణ చేశాక ఇక్కడి ఒక చిన్న మ్యూజియంలో, పాత దుస్తులు భద్రపరిచే గదిలో, వారానికి రెండు రోజులు స్వచ్ఛందంగా పని చేస్తున్నాను. బాలుర సూట్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఆనాటి అమెరికాలో మగపిల్లవాడి వయసును మొహం కన్నా ముందు అతని కాళ్లు చెప్పేవి. పందొమ్మిదో శతాబ్దంలో నాలుగైదేళ్లు వచ్చే దాకా, కొన్ని ఇళ్లలో ఆ తరువాత కూడా, మగపిల్లలకు గౌన్లే వేసేవారు. తరువాత అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండున్నరేళ్ల వయసులో, 1884లో, తెల్లటి గౌను, భుజాల దాకా జుట్టుతో తీయించుకున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. అది ఆ రోజుల్లో వింత కాదు. గౌను మాన్పించి తొలిసారి లాగు తొడగడం ఇంట్లో ఒక ముచ్చట. ఆ పైన కోటుతో పాటు మోకాలి దాకా ఉండే లాగు, చివరికి పదమూడు పద్నాలుగేళ్లకు నాన్నగారి వంటి నిండు ప్యాంటు వచ్చేవి. ఒక్కో మెట్టు ఎక్కడానికి పిల్లలు ఎంతగా ఎదురు చూసేవారో మనం ఊహించుకోవచ్చు, ఎందుకంటే మన ఊళ్లలో కూడా నిక్కరు వదిలి ప్యాంటు వేసుకున్న మొదటి రోజు మనకు బాగా గుర్తుంటుంది.

ఇక మీ ఫొటో సంగతి. నిలువు పట్టీలు, బెల్టు ఉన్న ఆ కోటును నార్‌ఫోక్ కోటు అంటారు. అది ఇంగ్లాండులో వేటకు వెళ్లేవారి కోటు నుంచి పిల్లల సూటులోకి వచ్చింది. 1890ల నాటి పిల్లల లాగులు ఎక్కువగా మోకాలి దగ్గర తిన్నగా, గొట్టంలా ముగిసేవి. మోకాలి కింద పట్టీతో, బకిలుతో బిగించే ఉబ్బు లాగు ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో ప్రబలి, 1930ల దాకా పిల్లల సూటుకు మారుపేరుగా నిలిచింది. అట్టలాంటి వెడల్పు కాలరు మాత్రం 1920లలో అరుదైపోయింది. ఈ రెండూ ఒకే ఫొటోలో ఉన్నాయి కనుక 1905కు, 1920కి మధ్య అని నా అంచనా.

మీరు ఒక పని చేయండి. ఫొటో వెనుక వైపు పోస్టుకార్డులా అచ్చు వేసి ఉంటే, స్టాంపు అంటించే గడి చుట్టూ ఏ అక్షరాలు, ఏ గుర్తులు ఉన్నాయో చూసి చెప్పండి.

లక్ష్మీనారాయణ, రాజమహేంద్రవరం

కాశీనాథ్ గారు నిక్కరు మాట ఎత్తారు కనుక, ఆంగ్లోపాధ్యాయుడిగా పని చేసినవాణ్ణి, ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మనం తెలుగు మాటే అన్నంత చనువుగా వాడుకునే ‘నిక్కరు’ పుట్టిల్లు న్యూయార్కు. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ ఆ నగర చరిత్రను హాస్యంగా రాస్తూ, డీడ్రిక్ నికర్‌బాకర్ అనే కల్పిత డచ్చి పెద్దమనిషి పేరుతో ప్రచురించాడు. ఆ పేరు క్రమంగా న్యూయార్కులోని పాత డచ్చి కుటుంబాలన్నిటికీ అంటుకున్నది. ఆ పుస్తకానికి తరువాత జార్జి క్రూక్‌షాంక్ వేసిన బొమ్మల్లో డచ్చివారు మోకాళ్ల దాకా వదులు లాగులతో ఉండటం వల్ల, అటువంటి లాగుకే నికర్‌బాకర్ అని పేరు వచ్చింది. అది కురచై ‘నికర్స్’ అయి, ఆంగ్లేయుల నోట మన దేశానికి చేరి, మన నోట నిక్కరు అయింది. అయితే శారద గారి ఫొటోలో ఉన్నది మోకాలు దాటి బిగించిన అసలు నికర్‌బాకరు. మన నిక్కరు మోకాలికి పైనే ఆగిపోయింది.

మేరీ నిర్మల, గుంటూరు

శారద గారూ, ఆ తెల్ల రిబ్బను ముడి అలంకారం కోసం కట్టింది కాదమ్మా. అది కతోలికుల బిడ్డ మొదటిసారి దివ్యసత్‌ప్రసాదం, అంటే చర్చిలో పూజ వేళ ఇచ్చే పవిత్రమైన అప్పం, స్వీకరించిన రోజు. ఆనాడు మగపిల్లలకు తెల్ల సూటు గాని, లేదా ముదురు రంగు సూటు మీద ఎడమ చేతికి తెల్ల పట్టు రిబ్బను గాని కట్టేవారు. చేతిలోని చిన్న పుస్తకం ప్రార్థనల పుస్తకమై ఉంటుంది. మా అన్నయ్యకు కూడా ఆ రోజున కొత్త తెల్ల చొక్కా కుట్టించి, మా అమ్మ ముందు రాత్రి ఇస్త్రీ చేసి, ఎవరూ తాకకుండా మేకుకు తగిలించింది.

దీన్ని బట్టి కాలం కూడా కొంత చెప్పవచ్చు. పూర్వం పిల్లలకు పది పన్నెండేళ్లు దాటితే గాని సత్‌ప్రసాదం ఇచ్చేవారు కాదు. 1910 ఆగస్టు 8న పదవ పయస్ పాపుగారు ఇచ్చిన ఆజ్ఞతో, మంచి చెడ్డలు తెలిసే వయసు, అంటే సుమారు ఏడేళ్లు వస్తే చాలునని నిర్ణయమైంది. మీ ఫొటోలోని బాబుకు నిజంగా ఏడెనిమిదేళ్లే అయితే, అది 1910 తరువాత తీసినది కావడానికే ఎక్కువ వీలున్నది.

శారద, న్యూజెర్సీ

నిర్మల గారూ, ఈ మాట చదివాక ఫొటోను మళ్లీ తీసి చూశాను. ఇన్ని రోజులూ ఆ ముడిని ఏదో బహుమతి గుర్తు అనుకున్నాను. కాశీనాథ్ గారు చెప్పిన గడి వెనుక వైపున ఉంది. దాని నాలుగు అంచుల మీదా ‘ఆజో’ అనే పేరు, నాలుగు మూలలా చిన్న త్రిభుజాలు ఉన్నాయి. నాలుగింటి మొనలూ పైకే చూస్తున్నాయి.

కాశీనాథ్, క్లీవ్‌ల్యాండ్

చాలా సంతోషం. ఆజో అనేది ఫొటోను నేరుగా కార్డు మీదనే ముద్రించుకునే కాగితం పేరు. నాలుగు త్రిభుజాలూ పైకి ఉంటే 1904 నుంచి 1918 దాకా వాడిన కాగితం; రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918 తరువాతది. స్టూడియోలో మిగిలిన కాగితాన్ని ఒకటి రెండేళ్లు ఆలస్యంగా వాడి ఉండవచ్చు గాని, నిర్మల గారు చెప్పిన 1910ని కూడా కలుపుకుంటే, ఈ బాబు 1910కి, సుమారు 1919కి మధ్య ఆ స్టూడియోలో నిలబడ్డాడని చెప్పడానికి నాకు సందేహం లేదు. పైగా ఇటువంటి కార్డు ఫొటోలు చవక. బంధువులకు పంపుకోవడానికి మామూలు కుటుంబాలు తీయించుకునేవి. కనుక విజయ్ గారి ‘కలిగినవారి బిడ్డ’ అన్న మాటను నేను అంత తేలికగా ఒప్పుకోలేను.

సుబ్బారావు, తెనాలి

నలభై ఏళ్లుగా కత్తెర పట్టుకున్న దర్జీని. అమెరికా చరిత్ర నాకు తెలియదు గాని బట్ట భాష తెలుసు కనుక రెండు మాటలు చెబుతాను.

శారద గారు పెట్టిన ఫొటోను మా అబ్బాయి కంప్యూటరులో పెద్దది చేసి చూపించాడు. కోటు భుజం కుట్టు, పిల్లవాడి భుజం ఎముక దాటి ఒక అంగుళం కిందికి జారి ఉంది. బెల్టు బిగించినా నడుము దగ్గర గుడ్డ మడతలు పడుతున్నది. కొలత తీసుకుని ఈ బిడ్డకే కుట్టిన సూటయితే అలా ఉండదు. ‘ఎదిగే పిల్లవాడండీ, కాస్త వదులుగా ఉంచండి’ అని మా కొట్టుకు వచ్చే ప్రతి తల్లీ అనే మాటే అక్కడి తల్లీ అని ఉంటుంది, లేదా ఆ సూటు ఇంట్లో మరొకరిదై ఉంటుంది.

ఏది నిజమో తెలుసుకోవడానికి దారి ఉంది. పిల్లల కోటుకు చేతి చివర రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుడతాము. పిల్లవాడు ఎదిగాక ఆ కుట్టు విప్పి చేతిని దించుతాము. అప్పుడు పాత మడత ఉన్న చోట, అంచుకు సమానంగా, ఒక సన్నని గీత మిగిలిపోతుంది. ఆ మడత అంచే అన్నాళ్లూ బల్లలకు, గోడలకు ఒరుసుకుని నలిగి ఉంటుంది. దాని లోపల దాగిన గుడ్డేమో ఎండ తగలక ముదురు రంగులోనే ఉంటుంది. ఉన్ని బట్ట మీద ఎన్నిసార్లు ఇస్త్రీ పెట్టె నడిపినా ఆ గీత పూర్తిగా పోదు. మణికట్టు దగ్గర అటువంటి గీత ఉన్నదేమో భూతద్దంతో చూడండి తల్లీ.

వాసంతి, షికాగో

విజయ్ గారి అనుమానం ఒక కాలానికి నిజమే. 1885లో ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ ‘లిటిల్ లార్డ్ ఫాంటిల్రాయ్’ అనే నవలను పిల్లల పత్రికలో ధారావాహికగా రాయడం మొదలుపెట్టినప్పుడు, రెజినాల్డ్ బర్చ్ వేసిన బొమ్మల్లో నాయకుడైన బాలుడు నల్ల వెల్వెట్ సూటు, లేసు కాలరుతో కనిపించాడు. రచయిత్రి తన కొడుకు వివియన్‌ను దృష్టిలో పెట్టుకునే ఆ పాత్రను మలిచింది. మరుసటి ఏడాది అది పుస్తకంగా వచ్చింది, ఆ తరువాత నాటకమూ అయింది. దానితో అమెరికా అంతటా తల్లులు తమ కొడుకులకు వెల్వెట్ సూట్లు తొడిగి, జుట్టు ఉంగరాలు చుట్టి ఫొటోలు తీయించారు. 

అయితే సూటంటే కలిమి అని ఎందుకు అనుకోకూడదో చెబుతాను. మసాచుసెట్స్‌లో ఎబినీజర్ బటరిక్ అనే దర్జీ 1863లో, వేరువేరు కొలతల్లో కత్తిరించిన పలచని కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన మొదట అమ్మినవి మగవారి, మగపిల్లల దుస్తుల నమూనాలే. అప్పటి నుంచి, దర్జీ దగ్గరకు వెళ్లలేని తల్లి కూడా కాగితాన్ని గుడ్డ మీద పరిచి, గుండుసూదులు గుచ్చి, భర్త పాత కోటులో నుంచి కొడుకు కోటును కత్తిరించగలిగింది. దుకాణాలకు దూరంగా ఉన్న పల్లెవారికి సియర్స్, మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీల బరువైన జాబితా పుస్తకాల ద్వారా సూట్లు చవకగా, తపాలాలో ఇంటికే వచ్చేవి.

ఆ చవకకు ధర చెల్లించినవారు వేరే ఉన్నారు. 1890 ప్రాంతంలో జేకబ్ రీస్ అనే పత్రికా విలేఖరి న్యూయార్కు లడ్లో వీధిలోని ఇరుకు గదిలో తీసిన ఒక ఫొటో ఉంది. వలస వచ్చిన కుటుంబం, పనివాళ్లు, గుట్టలుగా పడి ఉన్న పిల్లల లాగులు అందులో కనిపిస్తాయి. అక్కడ డజను లాగులు కుడితే 45 సెంట్లు ముట్టేవి. నేను ఆ ఫొటోను చూసినప్పుడల్లా, ఆ గుట్టలో ఉన్న ఒక్కొక్క లాగు ఏ ఊరి పిల్లవాడి ఆదివారపు సంబరానికి వెళ్లి ఉంటుందా అని ఆలోచిస్తాను.

చైతన్య, ఓక్లహోమా

ఇక్కడ మరొక ఫొటోను కూడా గుర్తు చేసుకోవడం న్యాయమని భావిస్తున్నాను. పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైన్యాధికారి, అమెరికా ఆదివాసుల పిల్లల కోసం వసతి పాఠశాల స్థాపించాడు. 1918లో మూతపడే దాకా అక్కడికి తెచ్చిన పిల్లల జుట్టు కత్తిరించి, ఇంటి నుంచి వేసుకు వచ్చిన దుస్తులు తీసివేసి, పైనుంచి కింది దాకా గుండీలున్న కోట్లు తొడిగేవారు. జాన్ చోట్ అనే ఫొటోగ్రాఫరు వారిని వచ్చినప్పుడు ఒకసారి, కొంతకాలం తరువాత మరొకసారి తీసేవాడు; ఆ జంట ఫొటోలను పాఠశాల తన విజయంగా ప్రచారం చేసుకున్నది. 1882లోను, 1885లోను తీసిన నవహో తెగ యువకుడు టామ్ టోర్లినో జంట ఫొటోలు వాటిలో అందరికీ తెలిసినవి. మొదటి దానిలో పొడవాటి జుట్టు, చెవులకు పోగులు, మెడలో హారాలు ఉన్నాయి. రెండో దానిలో పొట్టి జుట్టు, సూటు ఉన్నాయి.

తల్లి తన చేతులతో తొడిగిన సూటుకు, తల్లికి దూరం చేసి తొడిగిన సూటుకు కుట్టు ఒకటే కావచ్చు. కాని రెండో ఫొటోలో ఆ గుండీల వెనుక ఉన్న మనిషిని చూడకుండా ‘ఎంత చక్కగా తయారయ్యాడో’ అనడం నాకు చేత కాదు.

వాసంతి, షికాగో

చైతన్య గారూ, ఆ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. దానికి ఎదురుగా, పిల్లలు తమదిగా చేసుకున్న సూటు ఒకటి మా ఊరిలోనే ఉంది. 1941 ఏప్రిల్‌లో, ఈస్టరు పండుగ ఉదయాన, షికాగో దక్షిణ భాగంలోని నల్లవారి పేటలో రసెల్ లీ ప్రభుత్వం తరఫున తీసిన ఫొటో అది. ఐదుగురు నల్లజాతి బాలురు ఒక కారు ముందు భాగం దగ్గర చేరి ఉన్నారు. అందరూ పండుగ సూట్లలో, టోపీలు, కోట్లు, మెరిసే బూట్లతో ఉన్నారు. మధ్యలో కూర్చున్న పిల్లవాడు కెమెరా వైపు సూటిగా, ఏమాత్రం జంకు లేకుండా చూస్తున్నాడు. దక్షిణాది రాష్ట్రాల పొలాలు, వివక్ష వదిలి షికాగోకు వలస వచ్చిన కుటుంబాలెన్నో ఉన్న పేట అది. ఈస్టరుకు పిల్లలకు కొత్త బట్టలు కొనడానికి అక్కడి ఇళ్లలో నెలల ముందు నుంచే పైసా పైసా కూడబెట్టేవారని, ఆ పేటలోనే పుట్టి పెరిగిన మా పొరుగింటి పెద్దావిడ నాతో చెప్పింది. ఆ ఫొటోను నిలబడి చూసినంతసేపూ నాకు మా నాన్నగారు ఉగాదికి ముందు మమ్మల్ని బట్టల కొట్టుకు తీసుకువెళ్లడమే గుర్తుకు వచ్చింది.

అరుణ్, మిషిగన్

మా నాన్నగారు డాక్టరు. 1965 నాటి వలస చట్టం తరువాత ఈ దేశానికి వచ్చిన తొలి తెలుగు కుటుంబాల్లో మాది ఒకటి. 1976లో, నా ఎనిమిదో ఏట, నాకు మొదటి సూటు కొన్నారు. గోధుమ రంగు పాలియెస్టరు అల్లిక బట్ట. కోటుకు వెడల్పాటి కాలరు, నాలుగు జేబులు, పైకి కనిపించే తెల్ల దారపు కుట్టు ఉండేవి. ఆ రోజుల్లో ఆ రకం సూట్లను పెద్దలూ పిల్లలూ ఒకేలా వేసుకునేవారు. మా అమ్మకు అందులో నచ్చిన గుణం ఒక్కటే: యంత్రంలో ఉతికి ఆరవేస్తే ఇస్త్రీ అక్కరలేదు. బట్ట గాలి ఆడనిచ్చేది కాదు, మెడ దగ్గర గుచ్చుకునేది. అయినా దాన్ని విప్పడానికి నేను ఒప్పుకునేవాణ్ణి కాదట.

మరో సంగతి. అంతకు కొన్నేళ్ల ముందు, 1967, 68 ప్రాంతాల్లో, నిలువు పట్టీ కాలరున్న నెహ్రూ కోటు అమెరికాలో ఒక ఊపు ఊపింది, పిల్లల సైజుల్లో కూడా వచ్చింది. మా ఇంట్లో నాన్నగారు పెళ్లికి కుట్టించుకున్న, అటువంటి కాలరే ఉన్న బంద్‌గలా కోటు ఉండేది. ఆయన దాన్ని వేసుకుని ఆసుపత్రిలో విందుకు వెళితే, తాజా ఫ్యాషను ఎక్కడ కొన్నారని తోటి డాక్టర్లు అడిగారని ఎంతో ఆనందంగా చెప్పుకునేవారు.

కాశీనాథ్, క్లీవ్‌ల్యాండ్

అరుణ్ గారి అమ్మగారి మాట విన్నాక, మా మ్యూజియంలో ఉన్న ఒక సూటు గురించి రాయాలనిపించింది. సుమారు 1930 నాటిది, మట్టి రంగు ఉన్ని, ఒక కోటుకు రెండు ఉబ్బు లాగులు. పిల్లలు మోకాళ్ల మీద పడి గోళీలు ఆడతారు కనుక, కోటు చిరిగే లోపు రెండు లాగులు చిరుగుతాయని తెలిసి, అంగళ్లవారు అలా జతగా అమ్మేవారు. ఈ సూటులో ఒక లాగు మడత కూడా విప్పనంత కొత్తగా ఉంది. రెండో దాని కుడి మోకాలి దగ్గర రూపాయి బిళ్లంత మేర రఫూ చేసి ఉంది. దారం రంగు కొద్దిగా లేత. కాని అల్లిక ఎంత సన్నగా ఉందంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. కొత్త లాగు ఉండగానే పాత దానికి రఫూ ఎందుకు చేశారో అని అడిగితే, అక్కడే పని చేసే ఒకావిడ, ‘ఆ కొత్తది తమ్ముడి కోసం’ అని తడుముకోకుండా సమాధానం చెప్పింది.

1942లో యుద్ధం కోసం ఉన్ని పొదుపు చేయవలసి వచ్చి, సూటుతో రెండో ప్యాంటు అమ్మడాన్ని ప్రభుత్వం ఆపివేసింది. అప్పటికే ఉబ్బు లాగుల కాలం ముగిసిపోతున్నది. చిన్న పిల్లలకు కూడా నిండు ప్యాంటే వచ్చేసింది.

లక్ష్మీనారాయణ, రాజమహేంద్రవరం

అందరికీ కాదండీ. ఆ తరువాత కూడా కొన్ని సంపన్న కుటుంబాలు ఆంగ్లేయుల పద్ధతిలో చిన్న పిల్లలకు మోకాళ్లు కనిపించే నిక్కరునే పట్టుదలగా వేశాయి. 1963 నవంబరు 25న అధ్యక్షుడు కెన్నెడీ అంత్యక్రియల్లో, సరిగ్గా ఆ రోజుకే మూడేళ్లు నిండిన ఆయన కుమారుడు, వాషింగ్టన్‌లోని చర్చి బయట తండ్రి శవపేటికకు వందనం చేసిన ఫొటోలో వేసుకున్నది పొట్టి కోటు, నిక్కరు. లోకమంతా ఆ చేతినే చూసింది. నేను మాత్రం ఎప్పుడు చూసినా, నవంబరు చలిలో ఆ లేత మోకాళ్లనే చూస్తాను.

శారద, న్యూజెర్సీ

సుబ్బారావు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఫొటోను మా అబ్బాయి ఎంతో సూక్ష్మంగా స్కాన్ చేసి ఇచ్చాడు. కుడి చేయి పుస్తకం మీద ఉంది కనుక మణికట్టు అంచు నేరుగా వెలుతురులోకి వచ్చింది. అంచుకు రెండు వేళ్ల దూరంలో, చేతి చుట్టూ, మీరు చెప్పిన గీత స్పష్టంగా ఉంది. గీతకు పైన గుడ్డ కొద్దిగా వెలిసి, కింద ముదురుగా ఉంది. ఎడమ చేతికి కూడా అంతే. స్కాన్ చేసిన బొమ్మను కింద జత చేస్తున్నాను, మీరే చూడండి.

సుబ్బారావు, తెనాలి

చూశానమ్మా. సందేహం లేదు, ఒకసారి దించిన చేయి అది. భుజం ఇంకా ఇంత వదులుగా ఉండగా చేయి దించవలసిన అవసరం ఈ బిడ్డకు రాదు. వీడికన్నా చేతులు పొడవున్న పిల్లవాడు, బహుశా అన్న, వేసుకున్నప్పుడు దించి ఉంటారు. వీడికి వచ్చేసరికి మళ్లీ మడిచి కుట్టకుండా అలాగే ఉంచేశారు. అందుకే చేయి బొటనవేలి మొదటి కణుపు దాకా వచ్చింది. రిబ్బను మాత్రం కొత్తది. మడత నలగలేదు, అంచులు కత్తెర పడిన చోట ఇంకా పదునుగా ఉన్నాయి.

విజయ్, హైదరాబాద్

శారద గారూ, నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ అట్టపెట్టెలో ఇంకా ఫొటోలు మిగిలి ఉంటే, ఇదే కోటు వేసుకున్న పెద్ద పిల్లవాడు ఎవరైనా ఉన్నాడేమో దయచేసి వెతకగలరా?

శారద, న్యూజెర్సీ

ఆ ఇంటివారిని నిన్ననే అడిగాను. అమ్ముడుపోని సామానుతో పాటు పెట్టె గ్యారేజీలోనే ఉందట. శనివారం ఉదయం రమ్మన్నారు.